సంగటి ముద్ద వెనక చెరువు

మాది గౌనిపల్లి. కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకా, ఆంధ్ర సరిహద్దుకు దగ్గర. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, తరాలుగా ఇంతే. ఇప్పుడు మా పిల్లలు బెంగళూరులో కొందరు, ఇంకా దూరాన కొందరు. ఈమధ్య వాళ్ల దగ్గరనుంచి తరచూ ఒకే మాట వస్తా ఉంది: "మంచి రాగిపిండి యాడ దొరుకుతుంది? పొద్దున అంబలి తాగమన్నాడు డాక్టరు."

మా అవ్వ వింటే నవ్వేది. ఆమె రోజుల్లో ఇదొక మంచి అలవాటని ఎవరూ అనుకోలేదు. పొయ్యి మీద ఎసరు మరిగితే అది సంగటికే. ఆ అలవాటు ఎట్లా నిలబడింది, మా ఇంట్లోనే ఎట్లా పోయింది అన్నది పిల్లల కోసం రాసి పెడుతున్నాం.

మా జిల్లాలో ఏడాది పొడవునా పారే ఏరు ఒక్కటీ లేదు. పాలారు మా జిల్లా మీదుగానే పోతుంది కానీ, వానొస్తేనే దాంట్లో నీళ్లు. అందుకే పెద్దలు వేల చెరువులు కట్టారు. ఒక చెరువు నిండి మరవ పోతే ఆ నీళ్లు కింది చెరువుకు చేరేవి. బంగారు గనుల ఊరికి కూడా తాగునీళ్లు బేతమంగలం చెరువు నుంచే పోయినాయి.

చెరువును చూసుకోడానికి నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడు తెరవాలో, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో ఆయన చెప్పిందే లెక్క. కూలి కింద కళ్లంలో గింజలు కొలిచేవాళ్లు. ఎండాకాలం చెరువులో మట్టి తీసి బండ్లతో చేలకు తోలేవాళ్లు. చెరువుకు లోతు, చేనుకు సత్తువ. మడిలోకి కానుగాకు తొక్కేవాళ్లు, దీపానికి కానుగనూనె. పారేయడమనే పనే తక్కువ.

చెరువు కింద వరి, మెట్టన రాగులు. రాగి చేన్లో సాళ్లుగా అనుములు, జొన్నలు, ఆముదాలు వేసేవాళ్లు. ఒకటి పోయినా ఇంకొకటి చేతికొచ్చేది. ఇంట్లో తినేదంతా ఆ చేనిదే: సంగటి, ఉలవచారు, చలికాలం పితికిపప్పు, గట్ల మీద గిల్లుకొచ్చిన కలగూర. రాత్రి మిగిలిన ముద్ద పొద్దున మజ్జిగలో కలిపితే అంబలి. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుందని ఇప్పుడు చదువుతున్నాం. అవ్వకు తెలిసిన లెక్క వేరే: ముద్ద తిన్నోడు మధ్యాహ్నం దాకా ఆకలి అనడు.

రాగులకు ఇంకో గుణముంది, తొందరగా పురుగు పట్టవు. నేలలో పాతర తీసి పోస్తే ఏండ్లు నిలుస్తాయి. అది ఎందుకంత ముఖ్యమో 1876-78 నాటి ధాత కరువు చూపించింది. 1871 జనాభా లెక్కల్లో 50 లక్షలు దాటిన మైసూరు సంస్థానం 1881 నాటికి 42 లక్షలకు పడిపోయింది. ఆ భయం మా పెద్దల్ని వదల్లేదు. కొత్త పంట ఇంటికొచ్చేదాకా పాత గింజలు ఖాళీ చేయకూడదనేది మా ఇంట్లో నియమం.

అట్లాగని ఆ కాలాన్ని పొగిడి ఊరుకోలేం. కోడి కూయకముందే లేచి విసురురాయి తిప్పింది ఆడవాళ్లు. అందరికీ సమానంగా నీళ్లు పంచిన నీరుగంటి ఎక్కువగా దళితుల ఇంటివాడే, అయినా ఊరి బావిలో చేద వేసే హక్కు ఆయనకు లేదు. ఆ సాదాతనంలో కొంత తెలివి, కొంత లేమి, కొంత అన్యాయం కలిసే ఉన్నాయి. పిల్లలు మూడూ తెలుసుకోవాలి.

ఇంక పోయిన కథ. 1980ల నుంచి మా పక్క బోర్లు ఎక్కువైనాయి. మేమూ వేయించాం. మొదటిది పడింది, రెండోది ఎండింది, మూడోదానికి అప్పు చేశాం. రాగులు వేసే మెట్ట చేన్లో టమేటా పెట్టాం, మిగిలిన దాంట్లో నీలగిరి నాటాం. డబ్బులు వచ్చినాయి, అబద్ధమెందుకు, పిల్లల చదువులు వాటితోనే జరిగినాయి. అయితే ఎవరి నీళ్లు వాళ్ల బోరులో ఉన్నప్పుడు చెరువు ఎవరికి కావాలి? నీరుగంటి పని ఆగింది, మట్టి తీయడం ఆగింది. లోతు నుంచి వచ్చిన నీళ్లలో ఫ్లోరైడ్ వచ్చింది. సంగటి కూడా అప్పుడే తగ్గింది. చేన్లో రాగులు లేనప్పుడు కుండలోకి యాడనుంచి వస్తాయి? అంగట్లో బియ్యం తెచ్చుకున్నాం.

2017లో కర్ణాటకలో కొత్తగా నీలగిరి నాటడం మాన్పించారు. 2018లో బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోరమంగల-చల్లఘట్ట పథకం కింద కోలారు చెరువులకు వదలడం మొదలుపెట్టారు. శుద్ధి చాలదని కొందరి వాదన, అది కోర్టు దాకా పోయింది. 2021 నవంబరు వానలకు జిల్లాలో చాలా చెరువులు ఏండ్ల తర్వాత నిండినాయి.

ఆ వానల్లోనే ఒక సంగతి బయటపడింది. మా చేని పక్కన నీళ్లు కాలువ తప్పి రోడ్డెక్కినాయి. పాత పటం తీసి చూస్తే, చెరువుకు పోయే కాలువలో కొంత భాగం మా గట్టు లోపలే ఉంది. ఏ తరంలో జరుపుకున్నామో ఎవరూ నోరెత్తి చెప్పలేదు. ఇంట్లో రెండు వారాలు మాటలు నడిచినాయి. చివరికి గట్టు వెనక్కి తీశాం. రెండు సాళ్లంత నేల పోయింది.

ఇప్పుడు అర ఎకరం రాగులు, అనుములు వేస్తున్నాం. మిల్లు పట్టించి పిల్లలకు పంపుతున్నాం. దూరాన ఉన్న మీకు మేం చెప్పేది కొంచెమే. వారానికి మూడు రోజులు సంగటి తినండి, మంచిదే. దాంతోపాటు మీ ఊరి చెరువు పేరేమిటో, దానికి నీళ్లు ఏ దారిన వస్తాయో ఇంట్లో పెద్దల్ని ఒకసారి అడగండి. ఆ దారిలో మీ గట్టు ఏమైనా అడ్డం ఉందేమో చూడండి.