చదరంగం గళ్ళూ, ఎక్సెల్ సున్నాలూ

మొన్న శనివారం మా నార్త్ యార్క్‌లో పొద్దుటి నుంచీ ఒకటే మంచు. బయటికి కదిలే వీల్లేక నేనూ, మా అమ్మాయీ చదరంగం ముందు కూర్చున్నాం. ఆట మధ్యలో ఆ పాత కథ చెప్పాను. అదేనండీ, మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు, అలా 64 గళ్ళూ నింపమన్న కథ.

"మొత్తం ఎన్ని గింజలు నాన్నా?" అంది.

ఎక్సెల్ తెరిచి కూడితే 18446744073709600000 అని వచ్చింది.

"మొదటి గడిలో ఒకటే బేసి, మిగతావన్నీ సరి. మొత్తం బేసి రావాలిగా? చివర సున్నా ఏమిటి?"

నిజమే! ఎక్సెల్ పదిహేను అంకెలే దాచుకుంటుంది, తక్కినవి సున్నాలు చేసేస్తుంది. రోజూ దానిమీదే బతికే నాకు పిల్ల చెప్పాల్సి వచ్చింది.

అసలు లెక్క 18446744073709551615. రెండుని 64 సార్లు హెచ్చవేసి ఒకటి తీసేస్తే వచ్చేది. 64 బిట్లలో పట్టే అతి పెద్ద పూర్ణసంఖ్య కూడా ఇదే కాబట్టి మా వృత్తివాళ్ళకి పాత చుట్టమే. కానీ తెలుగువాళ్ళకి ఇంకా పాత చుట్టం. మహావీరాచార్యుడి సంస్కృత గ్రంథాన్ని గణితసార సంగ్రహంగా తెనిగించిన పావులూరి మల్లన పేరుమీద ఈ మొత్తం చెప్పే చంపకమాల ఒకటుంది. మల్లనది పదకొండో శతాబ్దమని కొందరు, కాదు తర్వాతవాడని కొందరు. అటు అల్ బిరూనీ కూడా సుమారు 1000లో ఇదే సంఖ్య తేల్చాడు. 64 సార్లు కూడనక్కర్లేదు లెండి: 2, 4, 16, 256, 65536, 4294967296, దాన్ని మరోసారి వర్గం చేసి ఒకటి తీసేస్తే సరి.

మల్లన పద్యంలో ఇరవై అంకెలకీ ఇరవై భూతసంఖ్యలు. చంద్రుడంటే 1, వేదాలు 4, తర్కాలు 6, ఆకాశం సున్నా. ఒకట్ల స్థానం నుంచి ఎడమకి చదవాలి. 5 కి ఒకచోట శరం, ఇంకోచోట సాయకం. గణాలకి ఏది కుదిరితే అది. ఒక మాట జారిపోతే గణం తప్పి చెవికే తెలిసిపోతుంది. తాటాకుల మీద ఎత్తిరాసే రోజుల్లో ఇంతకంటే మంచి కాపలా ఏముంటుంది? (మేం దీన్నే చెక్‌సమ్ అని గొప్పగా చెప్పుకుంటాం.)

ఈ సంఖ్య బేసే గానీ ప్రధాన సంఖ్య కాదు. విడగొడితే 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏడూ ప్రధాన సంఖ్యలే, ఏదీ రెండోసారి రాదు. ఇందులో 641 కి పెద్ద కథ ఉంది. దాన్నీ 6700417 నీ హెచ్చవేస్తే 4294967297. పదిహేడో శతాబ్దంలో ఫెర్మా దాన్ని ప్రధాన సంఖ్యే అనుకున్నాడు. 1732లో ఆయిలర్ 641 తో భాగించి చూపించాడు. మల్లన లెక్క కడుపులో ఆ జవాబు అన్నేళ్ళూ అలా పడి ఉంది.

అమ్మాయి కాగితం మీద ఇరవై గళ్ళు గీసింది. నేను పద్యం చదువుతుంటే కుడి నుంచి నింపుకుంటూ వచ్చింది. మొదటి గడిలో 5, బేసే. పందొమ్మిదో గడి దగ్గర ఆగి "కుంజరం ఎనిమిదెందుకు?" అంది. దిక్కులకో ఏనుగు అన్నాను. వాటి పేర్లు చెప్పమంది. నాలుగు దాటి రాలేదు.