మదనపల్లె నుంచి కుప్పం దాకా: కళాశాల పాలనలో విద్యార్థి స్థానం

ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాలుగా పేరుపడిన తంబళ్లపల్లె, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతపు చరిత్ర రాసేవారు పాళెగాళ్ల గురించి, కరువుల గురించి, మల్లయ్యకొండ తిరునాళ్ల గురించి విరివిగానే రాస్తారు గాని, ఈ నేల మీద నూరేళ్లకు పైగా నలుగుతూ వచ్చిన మరొక ప్రశ్నను అంతగా పట్టించుకోరు. విద్యాసంస్థ నియమాలను ఎవరు నిర్ణయించాలి, ఆ నిర్ణయంలో చదువుకునేవారికి చోటు ఉండాలా వద్దా అన్నదే ఆ ప్రశ్న. అది ఇక్కడ మొదటిసారి తలెత్తినది మదనపల్లె కళాశాలలో. నేటికీ తేలకుండా మిగిలినది కుప్పం విశ్వవిద్యాలయంలోను, పడమటి మండలాల ఇతర కళాశాలల్లోను.

దివ్యజ్ఞాన సమాజ నాయకురాలు అనీ బిసెంట్ 1915లో మదనపల్లెలో కళాశాలను స్థాపించినప్పుడు అది మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధ కళాశాలగా మొదలైంది. అనుబంధం అంటే పాఠం చెప్పేది కళాశాల అయినా, పాఠ్యప్రణాళికను నిర్ణయించి, పరీక్ష జరిపి, పట్టా ఇచ్చే అధికారం విశ్వవిద్యాలయానిదే అన్నమాట. ఆ అనుబంధం తెగితే కళాశాల గోడలు నిలిచే ఉన్నా అందులోని చదువుకు సర్కారు దృష్టిలో విలువ ఉండదు. ఉన్నత పాఠశాల దాటిన చదువు కోసం మద్రాసు వంటి దూరపు పట్టణాలకు పోవలసి వచ్చిన పడమటి పల్లెల పిల్లలకు ఆ కళాశాల ఎంత పెద్ద ఆసరాయో, ఆ అనుబంధమనే దారం ఎంత సన్ననిదో రెండేళ్లలోనే తేలిపోయింది.

1916లో బిసెంట్ హోంరూల్ లీగును స్థాపించారు. దేశపాలన దేశస్థుల చేతికే రావాలన్న ఆ ఉద్యమం యువకులను బలంగా ఆకర్షించడంతో, గవర్నర్ లార్డ్ పెంట్లాండ్ ఆధ్వర్యంలోని మద్రాసు ప్రభుత్వం 1917 మే నెలలో విద్యార్థులు రాజకీయ సభలకు హాజరు కాకూడదని ఉత్తర్వు వెలువరించింది. తరగతి గదిలో ఏమి చదవాలో చెప్పడంతో ఆగక, తరగతి బయట ఏ సభలో కూర్చోవాలో కూడా ప్రభుత్వమే నిర్ణయించబోయిన ఉత్తర్వు అది. జూన్ నెలలో బిసెంట్‌ను, ఆమె సహచరులు జార్జ్ అరండేల్, బి.పి. వాడియాలను నిర్బంధించి ఉదకమండలంలో ఉంచారు. హోంరూల్ ఉద్యమంతో పెనవేసుకున్నందుకు మదనపల్లె కళాశాల ఆ ఏడాదే అనుబంధాన్ని పోగొట్టుకుంది. సభకు వెళ్లడం, వెళ్లకపోవడం అనే వ్యక్తిగత నిర్ణయానికి మూల్యంగా మొత్తం సంస్థ గుర్తింపే పోయిన ఈ ఘట్టం, విద్యార్థి హక్కుల చరిత్రలో ఇంతకంటే ఎక్కువగా చెప్పుకోవలసిన ఘట్టం.

అనుబంధం పోయిన కళాశాల మూతపడలేదు. బిసెంట్ బృందం జాతీయ విద్యా ప్రోత్సాహక సంఘం పేరిట అడయారు కేంద్రంగా ఒక జాతీయ విశ్వవిద్యాలయాన్ని ఏర్పాటు చేసి, రవీంద్రనాథ్ టాగూర్‌ను దానికి ఛాన్సలరుగా, అంటే కులపతిగా, ఎన్నుకుంది. మదనపల్లె కళాశాల ఉడ్ నేషనల్ కాలేజి అన్న పేరుతో దాని పరిధిలోకి వచ్చింది. దివ్యజ్ఞాన విద్యా కార్యక్రమాలలో ముఖ్యుడైన ఎర్నెస్ట్ ఉడ్ పేరు మీద ఏర్పడిన పేరు అది. ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ అక్కడ ప్రిన్సిపాలుగా పనిచేశారు. డబ్లిన్‌లో 1916 నాటి ఈస్టర్ తిరుగుబాటును ప్రశంసిస్తూ రాసినందుకు బిసెంట్ పత్రిక న్యూ ఇండియాలో ఉద్యోగం పోగొట్టుకుని మదనపల్లెకు చేరిన మనిషి ఆయన. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ 1917లో అడయారులో మహిళా భారత సంఘం స్థాపనలో ముందు నిలిచి, ఆ ఏడాది చివర స్త్రీలకు ఓటు హక్కు కోరుతూ బ్రిటిష్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి అయిన మాంటేగును కలిసిన ప్రతినిధి వర్గానికి సంధానకర్తగా వ్యవహరించారు. ఓటు గురించి దేశంలో జరిగిన తొలి ప్రయత్నాలలో ఒకదాన్ని నడిపిన స్త్రీ ఒక కళాశాల ప్రాంగణపు మనిషి కావడం ఈ ఊరికి దక్కిన గౌరవం.

1919 ఫిబ్రవరిలో టాగూర్ మదనపల్లెకు వచ్చి, జనగణమనను కళాశాల విద్యార్థుల ఎదుట పాడి, ఫిబ్రవరి 28న దానిని ఇంగ్లీషులోకి అనువదించారని, మార్గరెట్ కజిన్స్ దాని స్వరాలను రాతలో పెట్టారని మదనపల్లెలో ప్రతి బడిపిల్లవాడికీ తెలుసు. ఆ ఖ్యాతి వెలుగులో మరుగున పడిన సంగతి ఏమిటంటే, గవర్నరు ఉత్తర్వుకు తలవంచని ఒక విశ్వవిద్యాలయానికి కులపతి అయిన మనిషి, ఆ విశ్వవిద్యాలయపు కళాశాలలోనే అడుగుపెట్టాడన్నది. ఆ పర్యటన కాలంలోనే ఆయన భారతీయ సంస్కృతికి కేంద్రంగా విద్యాసంస్థ ఎలా ఉండాలన్న విషయంపై మద్రాసులో ప్రసంగించారు. ఊరివారు గీతాన్ని గుర్తుంచుకున్నంతగా ఆ విశ్వవిద్యాలయాన్ని కూడా గుర్తుంచుకోవలసి ఉంది.

అయితే ఆ ప్రయోగాన్ని ఆకాశానికెత్తడం కూడా తగదు. ప్రభుత్వ చట్టం వెనుక లేని విశ్వవిద్యాలయపు పట్టా సర్కారు కొలువుకు పనికిరాలేదు; అప్పుచేసి కొడుకును చదివించిన రైతుకు జాతీయ విద్య గొప్పదనం కంటే ఆ లోటే ముందు కనిపించి ఉండడం సహజం. పైగా ప్రభుత్వ పెత్తనాన్ని కాదన్న ఆ విద్యాసంస్థలలోనూ అధికారం విద్యా ట్రస్టు చేతుల్లోనే ఉండేది. జాతీయ విశ్వవిద్యాలయం ఎక్కువ కాలం నిలవలేదు. కళాశాల తిరిగి మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమై, 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దాని పరిధిలోకి వచ్చింది. 1920ల మధ్యలో బిసెంట్ తలపెట్టిన ప్రపంచ విశ్వవిద్యాలయం కోసం, మదనపల్లెలోనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి తంబళ్లపల్లె వైపు తెట్టు లోయలో పెద్ద మర్రిచెట్టున్న స్థలాన్ని ఎంపిక చేసుకున్న కథ కూడా ఇక్కడే చేరుతుంది. విశ్వవిద్యాలయం రాలేదు, రిషీ వ్యాలీ పాఠశాల వచ్చింది.

స్వాతంత్ర్యానంతరం ఆంధ్రప్రదేశ్ కళాశాలల్లో విద్యార్థి సంఘం అంటే తరగతి తరగతికీ ఓటు వేసి ఎన్నుకున్న అధ్యక్షుడు, కార్యదర్శి ఉన్న సంఘమే. విశాఖ ఉక్కు ఉద్యమం, 1972–73 నాటి జై ఆంధ్ర ఉద్యమం విద్యార్థి సంఘాల శక్తిని లోకానికి చూపాయి. కాని ఎన్నికలతో పాటు కులం, పార్టీ డబ్బు, కొట్లాటలు కూడా ప్రాంగణాలలోకి చొరబడడంతో 1980ల చివరి నుంచి రాష్ట్రంలో ఎన్నికలు ఆగిపోయాయి. హింసను ఆపవలసిందే, కాని హింసకు పాల్పడినవారిని శిక్షించే బదులు ఓటునే తీసివేయడం 1917 నాటి ఉత్తర్వు ఆలోచనకు దూరమైనదేమీ కాదు. ఆ తరువాత మిగిలినవి పార్టీలకు అనుబంధంగా ఉండే ఎస్.ఎఫ్.ఐ., ఏ.ఐ.ఎస్.ఎఫ్., ఏ.బి.వి.పి. వంటి సంఘాలు, అవి ధర్నా చేయగలవు, వినతిపత్రం ఇవ్వగలవు గాని, ప్రాంగణంలోని విద్యార్థులందరి ఓటుతో వచ్చిన అధికారం వాటికి లేదు.

సుప్రీంకోర్టు ఆదేశం మీద ఏర్పడిన లింగ్డో కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక ఈ చిక్కుకు ఒక దారి చూపింది. మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో అధ్యక్షతన ఏర్పడిన ఆ కమిటీ, అభ్యర్థికి డెబ్బై అయిదు శాతం హాజరు, వయోపరిమితి, ఖర్చుకు అయిదు వేల రూపాయల గరిష్ఠ పరిమితి, అచ్చు పోస్టర్ల నిషేధం వంటి షరతులతో ఎన్నికలు జరపాలని సూచించగా, కోర్టు అదే ఏడాది సెప్టెంబరులో వాటిని అమలు చేయాలని ఆదేశించింది. చిన్న ప్రాంగణాలలో విద్యార్థులు నేరుగా ఓటు వేయాలని, పెద్ద విశ్వవిద్యాలయాలలో తరగతి ప్రతినిధుల ద్వారా పరోక్ష పద్ధతి వాడవచ్చని నివేదిక చెప్పింది. ఈ పద్ధతిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి.

మూడు రాష్ట్రాల సరిహద్దు అయిన కుప్పంలో, శ్రీనివాసవనం అనే ప్రాంగణంలో, 1997లో రాష్ట్ర శాసనసభ చట్టంతో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, తుళు భాషల పరిశోధనను ఒకచోట చేర్చాలన్న ఆ ఆశయం ఎంతో ఉదాత్తమైనది. ప్రాంగణం బయటి అభ్యర్థులకు పెద్ద ఎత్తున ఎం.ఫిల్., పిహెచ్.డి. ప్రవేశాలు ఇవ్వడం ఆ తరువాత వివాదమైనప్పుడు, 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం దూరవిద్యలో ఆ పట్టాలను నిషేధించినప్పుడు, ఎక్కువగా దెబ్బతినగలిగినది అక్కడే ఉండి కష్టపడి పరిశోధన చేసిన విద్యార్థి పట్టా పరువు. ప్రవేశాల విధానాన్ని నిర్ణయించే చోట ఆ విద్యార్థి ఎన్నుకున్న ప్రతినిధి ఒక్కడు కూర్చుని ఉంటే కనీసం ప్రశ్న అయినా సకాలంలో వచ్చి ఉండేది.

ఫీజుల సంగతి ఇంకా సూటిగా తాకుతుంది. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవారికి ఫీజు రీయింబర్స్‌మెంటును, అంటే ప్రభుత్వం విద్యార్థి తరఫున ఫీజు చెల్లించే పథకాన్ని, నిలిపివేసింది. పడమటి మండలాల వంటి మెట్ట ప్రాంతంలో, బోరు ఎండినా టమాటా ధర పడినా కుటుంబ లెక్కలన్నీ తారుమారయ్యే చోట, ఆ ఒక్క కాగితం ఎంతోమంది పీజీ చదువును ప్రశ్నార్థకం చేసింది. దానిని రద్దు చేయాలని విద్యార్థి సంఘాలు రోడ్డెక్కాయి. చర్చించే వేదిక లోపల లేనప్పుడు రోడ్డే వేదిక అవుతుంది.

నిధుల సంఘం 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, అందులో ఒక విద్యార్థి ప్రతినిధి ఉండాలి. అయితే ఆ ప్రతినిధి చదువులోనో ఆటల్లోనో చూపిన ప్రతిభను బట్టి నామినేట్ అయి, ప్రత్యేక ఆహ్వానితుడిగా కూర్చునే వ్యక్తి మాత్రమే. తననెవరు ఎంచుకున్నారో వారికి జవాబు చెప్పడం మనిషి స్వభావం కనుక, నామినేట్ అయినవాడు యాజమాన్యానికి, ఎన్నికైనవాడు తోటి విద్యార్థులకు జవాబు చెబుతాడు. కుప్పం ప్రాంగణం లింగ్డో కమిటీ చెప్పిన ప్రత్యక్ష ఎన్నికకు సరిపోతుంది. మదనపల్లె, పుంగనూరు పట్టణాల కళాశాలల్లోను, అంగళ్లు వద్ద విస్తరించిన ఇంజనీరింగ్ విద్యాసంస్థల్లోను తరగతికొక ప్రతినిధిని ఓటుతో ఎన్నుకుని, ఫీజులు, హాస్టలు భోజనం, బస్సు వేళలు, పరీక్షల తేదీలు నిర్ణయించే సమావేశాలలో వారిని కూర్చోబెట్టడానికి కొత్త చట్టం అక్కరలేదు. తెల్లవారుజామునే పెద్దమండ్యం, ములకలచెరువు నుంచి బస్సెక్కి మదనపల్లె చేరే విద్యార్థికి మొదటి పీరియడు ఎన్నింటికి మొదలవ్వాలో చెప్పే అవకాశం అయినా అక్కడ దొరుకుతుంది.