రాజమహేంద్రవరం – హైదరాబాదు విమాన దూరం

తూర్పుగోదావరి జిల్లా మధురపూడిలోని రాజమహేంద్రవరం విమానాశ్రయానికీ, హైదరాబాదు శివార్లలోని శంషాబాదు విమానాశ్రయానికీ మధ్య గగనమార్గ దూరం సుమారు 360 కిలోమీటర్లు, అంటే 195 నాటికల్ మైళ్లు. రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి; రేఖాంశంలో మాత్రం 3.4 డిగ్రీల తేడా. అందుకే మధురపూడిలో సూర్యుడు పదమూడు, పద్నాలుగు నిమిషాలు ముందే ఉదయిస్తాడు. గడియారాలు మాత్రం రెండుచోట్లా ఒకటే.

గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో ఎగిరే ఏటీఆర్ 72 విమానానికి ఈ దూరం ముప్పావు గంట పని. టైంటేబుల్లో గంటకు పైగానే చూపుతారు: రన్‌వే దాకా నడవడం, పైకెక్కడం, దిగడం అన్నీ అందులోనే. ఎదురుగాలి ఉంటే మరికొన్ని నిమిషాలు. పడమటికి బయలుదేరిన కాసేపటికే కింద గోదావరి కనిపిస్తుంది. కిటికీ సీటు దొరకాలంతే.

అసలు ఆలస్యం నేల మీదే. మధురపూడి ఊరికి ఉత్తరాన ఉంది. 2008లో బేగంపేట నుంచి సర్వీసులు శంషాబాదుకు మారాక హైదరాబాదు వైపు రోడ్డు ప్రయాణం పెరిగింది. తనిఖీల సమయమూ కలిపితే ఇంటి నుంచి ఇంటికి నాలుగైదు గంటలు. రాత్రి గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి నిద్రపోయేవారికి ఇదేమంత లాభంగా తోచదు.