నట్టింటి టీవీ మీద కంప్యూటర్ ఆట

హోసూరు పక్కన మనలాంటి ఇళ్ళలో తెలుగు బతికేది బడిలో కాదు, నట్టింట్లో. బడిలో తమిళమో ఇంగ్లీషో, అంగట్లో కన్నడమో నడిచిపోతుంది. అందుకే నట్టింటికి వచ్చిన ప్రతి పెట్టె కథా మన ఇంటి భాష కథలో ఒక భాగమే. ఈసారి టీవీ మీద కంప్యూటర్ ఆటల సంగతి రాస్తున్నాం.

నిజానికి ఇంటి ఆటలు మొదట వచ్చింది టీవీ మీదికే. ఇళ్ళలో ఉన్న టీవీలను ఆటకు వాడుకోవచ్చని 1966లో అమెరికాలో రాల్ఫ్ బేర్ అనే ఇంజనీరు తలచాడు. ఆయన పనిలోంచి పుట్టిన మాగ్నవాక్స్ ఒడిస్సీ 1972లో అంగళ్ళకు వచ్చింది. యాంటెన్నా వైరు తగిలించే చోటే దాని వైరూ తగిలించాలి. టీవీకి అది ఇంకో స్టేషను కింద లెక్క. 1982లో బ్రిటన్‌లో వచ్చిన జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటరూ అంతే. దానికి సొంత తెర లేదు, ఇంటి టీవీయే తెర.

దారులు చీలింది తర్వాత. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ తెర సెకనుకు సుమారు 31,500 గీతలు గీస్తుంది. మన పాత టీవీ గీసేది 15,625. ఆ వైరును నేరుగా టీవీకి పెడితే బొమ్మ రాదు. అట్లా కంప్యూటరు తన తెరను తాను పెట్టుకొని గదిలోకి పోయింది.

నట్టింట్లో మిగిలింది క్యాసెట్ల టీవీ గేమ్. 1983లో జపాన్‌లో వచ్చిన ఫామికామ్‌కు నకళ్ళు 1990లలో మన ఊళ్ళలో బాగా అమ్ముడుపోయినాయి. మా ఇంట్లో ఇద్దరు ఆడితే ఎనిమిది మంది చూసేవాళ్ళు. "ఎగురు, ఎగురు!" "నా వంతు!" అంతా తెలుగులోనే. కంప్యూటరు వచ్చినాక ఒక్కడే గదిలో, చెవులకు హెడ్‌ఫోన్, ఆట మాటలన్నీ ఇంగ్లీషు.

మళ్ళీ కలిపింది హెచ్‌డీఎంఐ. దాని తొలి ప్రమాణం 2002 డిసెంబరులో వచ్చింది. ఇప్పుడు ఒక్క వైరు చాలు: విండోస్ మీట, పి మీట కలిపి నొక్కి డూప్లికేట్ ఎంచుకుంటే కంప్యూటర్ తెర టీవీలో కనబడుతుంది. 2012లో వచ్చిన మిరాకాస్ట్‌తో వైరు కూడా అక్కర్లేదు. అయితే అందులో ప్రతి బొమ్మనూ కుదించి గాలిలో పంపాలి, టీవీ దాన్ని విప్పాలి. సెకనుకు 60 బొమ్మలంటే ఒక్కోదానికి దక్కేది 16.7 మిల్లీసెకన్లే. నాలుగైదు బొమ్మలు వెనకబడితే చేయి ముందు, చూపు వెనక. చదరంగానికి పరవాలేదు గానీ క్రికెట్‌కు, కారు పందేలకు వైరే మేలు. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఉంటే అదీ పెట్టుకోండి.

పోయిన సంక్రాంతికి మా పిల్లలు ఇట్లే ఆడుతుంటే అవ్వ వచ్చి కూర్చుంది. "వీడు ఇప్పుడే చచ్చినాడు కదరా, మళ్ళా ఎట్ల లేచినాడు?" అని అడిగింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. పిల్లలు మాటలు వెతుక్కొని, తడబడి, అరగంట సేపు తెలుగులోనే చెప్పినారు.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళు కూర్చునే చోటే టీవీ ఉంటుంది. వైరు కొనేటప్పుడు పిల్లలు కూర్చునే దాకా అందేంత పొడుగు చూసుకోండి.