తిరుమల దేవభూములు - వానభారము

తిరుమల తిరుపతి దేవస్థానమువారు 1931 నుండి ఆరు సంపుటములుగా ప్రకటించిన శాసనములను పండితులు తరచుగా దానధర్మముల చరిత్రకై పరిశీలించుచుందురు. సేద్యమునకును వానకును గల సంబంధమును గూడ అవి తెలుపుచున్నవి. ఆ సంబంధమును వివరించుటయే ఈ వ్యాసమున నా ప్రయత్నము.

చిత్తూరు సీమలో జీవనది లేదు. స్వర్ణముఖి వానలకు పారి, పిదప ఇసుకయై మిగులును. ఇట్టిచోట పొలమును సేద్యమున కిచ్చు పద్ధతులు ముఖ్యముగా రెండు. పండినదానిలో పాలు పుచ్చుకొనుట కోరు. పండినను ఎండినను నిర్ణయించిన మొత్తమును పుచ్చుకొనుట గుత్త. కోరులో వానభారమును భూస్వామియు సేద్యగాడును పంచుకొందురు. గుత్తలో అది సేద్యగానిపైననే పడును. కావున కరవు భయమున్న తావున గుత్తకు దిగువాడు తక్కువ మొత్తమునకే ఒప్పుకొనును. మెట్టచేనిలో వరి జోలికి పోక రాగియో, జొన్నయో, సజ్జయో చల్లుకొనును.

అయితే దేవాలయము ఇతర భూస్వాములవంటిది కాదు. దాని రాబడి వాననుబట్టి మారును. వ్యయము మాత్రము మారరాదు. నైవేద్యమునకు బియ్య మింత, నేయి ఇంత, పప్పు ఇంత యని కొలతలతో శిలపై చెక్కించి, ఆచంద్రార్కము జరుగవలెనని విధించిరి. ప్రసాదమున దాతకు చెందు నాల్గవపాలు సయితము దానిపైననే ఆధారపడి యుండెను. చెరువు నిండని యేట స్వామి ఆరగింపును ఆపుటకు వీలులేదు గదా!

ఈ చిక్కునకు విజయనగర కాలమున ఒక మార్గమేర్పడినది. 15, 16 శతాబ్దుల శాసనములలో పెక్కింట దాతలు ధనమును సమర్పించిరి. ఆ ధనముతో దేవుని గ్రామములందు చెరువులు, కాలువలు త్రవ్వించి, అందువలన హెచ్చిన రాబడినుండి దాత కోరిన కైంకర్యమును నడపుచుండిరి. బర్టన్ స్టైన్ 1960లో ప్రకటించిన వ్యాసమున దేవాలయముయొక్క ఈ ఆర్థిక కార్యమును విశదపరచెను. చెరువు పంటను పెంచుటయే కాక, పంటను కొంత నిలుకడకు తెచ్చుననుట ఇచట గమనింపదగినది. మెట్ట మాగాణియైనచో భూమి వినియోగమే మారును. మారరాని వ్యయము గల భూస్వామి వానభారమును సేద్యగానిపైకి నెట్టుటకు మారుగా, ఆ భారమునే తగ్గించుటకు పూనుకొనెను. కుంటలు, కాలువలు కల్పించి, పేదసేద్యగానికి కోరు తేలిక చేసినయెడల రాజునకు అర్థమును ధర్మమును వృద్ధిపొందునని ఆముక్తమాల్యదయందలి రాజనీతియు చెప్పుచున్నది.

అయినను ఈ పద్ధతికొక హద్దు కలదు. చెరువును నింపునదియు ఆ వానయే. పూడికతీయక, కట్ట బాగుచేయక విడిచినచో మాగాణి మరల మెట్టయగును. గుత్త తగ్గనిచో భారమంతయు మరల సేద్యగానిపై వ్రాలును. శాసనములందు దాత మాటయు, భండారము మాటయు వినబడును గాని ఆ సేద్యగాని మాట వినబడదు. భూమి కెంత గుత్త యని యడుగుటకు ముందు, వాన కురియనియేట నష్టమెవ్వరిదని యడుగుట చరిత్రకారుని విధి.