పచ్చిక కోత యంత్రం – ఒక పరిశీలన

పారిశ్రామిక విప్లవం అనగానే మీకు ఆవిరి యంత్రం, నూలు మిల్లు గుర్తుకు వస్తాయి. ఇంటి ముందరి పచ్చికనూ వాటి సరసన చేర్చుకోండి.

అంతకుముందు ఇంగ్లండులో పచ్చికను నున్నగా ఉంచాలంటే గొర్రెలను మేపాలి, లేదా పొడవు పిడి కొడవళ్లతో కోయించాలి. మంచుకు తడిసిన గడ్డే చక్కగా తెగుతుంది కాబట్టి కూలీలు తెల్లవారుజామునే పనిలోకి దిగేవారు. అంత ఖర్చు సంపన్నులే భరించగలిగేవారు.

స్ట్రౌడ్ ప్రాంతం ఉన్ని బట్టలకు ప్రసిద్ధి. అక్కడి మిల్లుల్లో బట్టపై లేచిన నూగును కత్తిరించే యంత్రం ఉండేది. ఎడ్విన్ బడ్డింగ్ అదే పద్ధతిని గడ్డికి వర్తింపజేసి 1830లో పేటెంటు పొందాడు. గుండ్రంగా తిరిగే బ్లేడ్లకూ కింద కదలని బ్లేడుకూ మధ్య గడ్డి కత్తెరలో పడ్డట్లు తెగుతుంది. ఇనుప యంత్రం కావడంతో మహా బరువు. ఒకరు నెడుతుంటే మరొకరు ముందునుంచి లాగవలసి వచ్చేది! అయినా పెద్దమనుషులకు ఇది మంచి వ్యాయామమని బడ్డింగ్ చెప్పుకున్నాడు. కొడవలి కూలీ ఏళ్ల తరబడి నేర్చిన పనితనం మాత్రం దీనికి అక్కరలేకపోయింది.