భాగం 7: మెసేజ్ బ్రోకర్లు – సొంత సర్వర్ నుంచి క్లౌడ్ వరకు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• మెసేజ్ బ్రోకర్ అవసరం ఎందుకు ఏర్పడిందో వివరించగలుగుతారు.
• ఉమ్మడి ప్రమాణాల కోసం జరిగిన కృషిని దశలవారీగా చెప్పగలుగుతారు.
• సందేశాలు పంపడానికీ, బ్రోకర్‌ను నిర్వహించడానికీ గల తేడాను గుర్తించగలుగుతారు.

7.1 పరిచయం

రెండు ప్రోగ్రాములు నేరుగా సమాచారం ఇచ్చిపుచ్చుకోవాలంటే రెండూ ఒకే సమయంలో పనిచేస్తూ ఉండాలి. ఒకటి ఆగిపోతే రెండవది ఎదురుచూడాలి, లేదా సమాచారం పోతుంది. ఈ ఇబ్బందిని తొలగించడానికి మధ్యలో ఉంచిన సాఫ్ట్‌వేరే మెసేజ్ బ్రోకర్. బ్రోకర్ అనగానే మీకు మార్కెట్ యార్డులోని దళారి గుర్తుకు రావచ్చు. పోలిక కొంతవరకే సరిపోతుంది. ఈ బ్రోకర్ బేరమాడదు. పంపిన సందేశాన్ని క్యూలో భద్రపరచి, అందుకోవలసిన ప్రోగ్రాము సిద్ధమైనప్పుడు అప్పగిస్తుంది. ముట్టినట్లు రసీదు వచ్చాకే క్యూ నుంచి తొలగించేలా దానిని ఏర్పాటు చేసుకోవచ్చు.

బ్యాంకు చెల్లింపులు, షేర్ల ధరలు, రైలు టిక్కెట్లు వంటి పనుల్లో ఇలాంటి మధ్యవర్తి చేతిలో ఎంతో విలువైన సమాచారం ఉంటుంది. కనుక ఈ చరిత్రను ఒక ప్రశ్న మనసులో ఉంచుకొని చదవండి: బ్రోకర్‌పై అదుపు ఎవరిది?

7.2 తొలి దశ: కంపెనీకొక పద్ధతి

1980లలో న్యూయార్క్ వాల్‌స్ట్రీట్ సంస్థలకు మారుతున్న ధరలను ఎందరికో ఒకేసారి అందించవలసిన అవసరం ఏర్పడింది. ముంబయిలో పుట్టి అమెరికాలో స్థిరపడిన వివేక్ రణదివే నాయకత్వంలో టెక్నెక్రాన్ సాఫ్ట్‌వేర్ సిస్టమ్స్ ఇందుకోసం ‘ఇన్ఫర్మేషన్ బస్’ను రూపొందించింది. ఒక ధరను ఒకసారి ప్రకటిస్తే, ఆ అంశాన్ని కోరుకున్న ప్రోగ్రాములన్నిటికీ అది చేరుతుంది. దీనినే పబ్లిష్–సబ్‌స్క్రైబ్ పద్ధతి అంటారు.

1993లో ఐబీఎం ‘ఎంక్యూసిరీస్’ను విడుదల చేసింది. వేర్వేరు రకాల కంప్యూటర్ల మధ్య సందేశం తప్పిపోకుండా చేర్చడం దీని ప్రత్యేకత. అయితే ఇలాంటి ప్రతి ఉత్పత్తికీ తనదైన సందేశ రూపం ఉండేది. ఒకదాన్ని ఎంచుకున్న సంస్థ మరొకదానికి మారాలంటే ప్రోగ్రాములను తిరగరాయవలసి వచ్చేది.

1998లో సన్ మైక్రోసిస్టమ్స్ ‘జావా మెసేజ్ సర్వీస్’ (జేఎంఎస్)ను ప్రకటించింది. జావా ప్రోగ్రాములు బ్రోకర్‌ను పిలిచే తీరును ఇది ఒకటి చేసింది. కాని నెట్‌వర్క్‌పై సందేశం ఏ రూపంలో ప్రయాణించాలో చెప్పలేదు. అందువల్ల రెండు కంపెనీల బ్రోకర్లు పరస్పరం మాట్లాడుకోలేకపోయాయి.

7.3 రెండవ దశ: వినియోగదారుల చొరవ

ఈ లోటును పూరించే పని 2003లో జేపీమోర్గాన్ చేజ్ బ్యాంకులో జాన్ ఒహారా ప్రారంభించారు. దాని ఫలితమే ‘అడ్వాన్స్‌డ్ మెసేజ్ క్యూయింగ్ ప్రోటోకాల్’, అంటే ఏఎంక్యూపీ. సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ కాక, దానిని కొని వాడే బ్యాంకు ఈ ప్రమాణానికి నాంది పలికిందన్న విషయాన్ని గమనించండి. 2007లో ఈ ప్రమాణం ఆధారంగా ‘రాబిట్‌ఎంక్యూ’ వచ్చింది. దీనిని ఎర్లాంగ్ భాషలో రాశారు. టెలిఫోన్ ఎక్స్చేంజీల కోసం ఎరిక్సన్ కంపెనీలో పుట్టిన భాష అది.

2012లో ఏఎంక్యూపీ 1.0ను ఒయాసిస్ సంస్థ ప్రమాణంగా ఆమోదించింది. 2014లో అది అంతర్జాతీయ ఐఎస్ఓ ప్రమాణమైంది. కాని ఇది రాబిట్‌ఎంక్యూకు ఆధారమైన 0-9-1 వెర్షన్‌కు చాలా భిన్నమైనది. పేరు ఒకటే అయినా ఒక వెర్షన్ తెలిసిన ప్రోగ్రాము రెండవదానితో మాట్లాడలేదు. ప్రమాణం పేరుతోపాటు వెర్షన్‌ను కూడా చూడాలని ఈ ఉదాహరణ నేర్పుతుంది.

7.4 మూడవ దశ: క్లౌడ్

2006లో అమెజాన్ ‘సింపుల్ క్యూ సర్వీస్’ను అందరికీ అందుబాటులోకి తెచ్చింది. సర్వర్ కొననక్కరలేదు, వాడినంతకే చెల్లిస్తే చాలు. అయితే సందేశాలు పంపే తీరు అమెజాన్ సొంతం. జేఎంఎస్, ఏఎంక్యూపీలతో రాసిన పాత ప్రోగ్రాములు ఇందులో నేరుగా ఇమడవు. ఈ ఇబ్బందికి జవాబుగా 2017 నవంబరులో ‘అమెజాన్ ఎంక్యూ’ వచ్చింది. మొదట అపాచీ యాక్టివ్‌ఎంక్యూను, 2020 నుంచి రాబిట్‌ఎంక్యూను కూడా ఇది నడిపి పెడుతుంది. పాత ప్రోగ్రాములో ప్రధానంగా చిరునామా, లాగిన్ వివరాలు మారుస్తే సరిపోతుంది.

7.5 క్లయింట్ లైబ్రరీ ద్వారా నిర్వహణ

పూర్వం నిర్వాహకుడు సర్వర్‌లోకి లాగిన్ అయి, సాఫ్ట్‌వేర్ ఎక్కించి, సెట్టింగుల ఫైళ్లు దిద్ది, బ్రోకర్‌ను నడిపేవాడు. ఇప్పుడు ఆ పనిలో చాలా భాగం ప్రోగ్రాము చేస్తుంది. పైథాన్ వాడేవారికి ఇందుకు ‘బోటో3’ అనే లైబ్రరీ ఉంది. అమెజాన్ నదిలో ఉండే డాల్ఫిన్ పేరే బోటో.

ఈ లైబ్రరీలో ‘క్రియేట్ బ్రోకర్’ అనే ఆదేశానికి బ్రోకర్ పేరు, ఇంజిన్ రకం, యంత్రం పరిమాణం, ఒక్క యంత్రమా లేక ఒకటి పాడైతే మరొకటి అందుకొనే ఏర్పాటా అన్న వివరాలు ఇవ్వాలి. జవాబుగా బ్రోకర్ గుర్తింపు వెంటనే వస్తుంది. బ్రోకర్ మాత్రం వెంటనే సిద్ధం కాదు. ‘డిస్క్రైబ్ బ్రోకర్’ ద్వారా స్థితిని అడుగుతూ, అది ‘రన్నింగ్’ అయ్యేవరకు ఆగాలి. నెట్‌వర్క్ తడబడి అదే ఆదేశం రెండుసార్లు వెళ్లినా రెండు బ్రోకర్లు పుట్టకుండా అభ్యర్థనకు ఒక ప్రత్యేక గుర్తును జతచేయవచ్చు. ‘డిలీట్ బ్రోకర్’ కూడా ఒక్క వాక్యమే. దానితో బ్రోకర్, అందులో మిగిలిన సందేశాలు రెండూ పోతాయి. కనుక ఈ అనుమతిని ఏ ప్రోగ్రాముకు ఇవ్వాలో ఆలోచించి నిర్ణయించాలి.

ఇప్పుడు మన ప్రశ్నకు తిరిగి వద్దాం. సందేశాలు ఉమ్మడి ప్రోటోకాల్‌లో ప్రయాణిస్తాయి. వాటిని మరో చోటికి తరలించవచ్చు. బ్రోకర్‌ను సృష్టించే, మార్చే, తొలగించే ఆదేశాలు మాత్రం ఒక్క కంపెనీవే. వాటితో రాసిన నిర్వహణ ప్రోగ్రాము మరో క్లౌడ్‌లో పనిచేయదు. బ్యాంకులు 2003లో వదిలించుకోవాలనుకున్న పరాధీనత సందేశాల స్థాయిలో తగ్గి, నిర్వహణ స్థాయిలో మళ్లీ తలెత్తింది. కాబట్టి మీరు ప్రోగ్రాము రాసేటప్పుడు సందేశాల భాగాన్ని, నిర్వహణ భాగాన్ని వేర్వేరుగా ఉంచండి. రేపు మారవలసి వస్తే రెండవదాన్ని తిరగరాస్తే చాలు.

7.6 సారాంశం

బ్రోకర్ల చరిత్ర సొంత పద్ధతులతో మొదలై, ఉమ్మడి ప్రోటోకాల్‌ను చేరి, అక్కడినుంచి క్లౌడ్‌కు సాగింది. సర్వర్ల శ్రమ తగ్గింది. నిర్వహణపై అదుపు చాలావరకు సేవ అందించే కంపెనీ చేతికి వెళ్లింది.

7.7 నమూనా ప్రశ్నలు

1. జేఎంఎస్ తీర్చలేని ఏ లోటును ఏఎంక్యూపీ తీర్చింది?
2. ‘క్రియేట్ బ్రోకర్’కు జవాబు రాగానే సందేశాలు పంపడం ఎందుకు సరికాదు?
3. సందేశాల స్థాయిలో స్వేచ్ఛ ఉన్నా నిర్వహణ స్థాయిలో పరాధీనత ఎలా ఏర్పడుతుందో చర్చించండి.